మంత్రిగారూ, అంగిలి కూడా చూడమనండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ముప్పై మూడేళ్ళు ఏ.ఎన్.ఎం.గా పనిచేసి 2021లో రిటైరయ్యాను. పోలియో చుక్కలు, కాన్పులు, మలేరియా స్లైడ్లు, చివర్లో కరోనా, అన్నీ చూశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పై అధికారులకు ఒక్క ఫిర్యాదు రాయలేదు. ఇదీ ఫిర్యాదు కాదు. ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని, ఆ తర్వాత మీ చేతిలో ఉన్న పని ఒకటి అడుగుదామని రాస్తున్నాను.

తప్పు ఇది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరుతో పాటు నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకైతే రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా చూడాలని మాకు చెప్పారు. నోటి పరీక్ష అన్న గడిలో నేను చాలామందికి నోరు చూడకుండానే 'నార్మల్' అని పెట్టేశాను. రోజుకు ఇంతమంది అని టార్గెట్. నెట్టు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. బీపీ మిషను చూస్తే అందరూ వచ్చి చెయ్యి చాపుతారు. షుగరుకు వేలు చూపిస్తారు. నోరు తెరవమంటే మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "నోట్లో ఏటున్నాది తల్లీ చూడ్డానికి, పళ్ళే నేవు" అంటారు. నేనూ నవ్వేసి టిక్కు పెట్టేదాన్ని. అలా ఎంతమందికి పెట్టానో నా దగ్గర లెక్క లేదు.

ఏం చూడాలో తెలియక అలా చేశానా అంటే అదీ కాదు. అప్పటికే మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది.

మా అమ్మ అడ్డపొగ తాగేది. ఈ ఉత్తరం చదివే రాయలసీమ, తెలంగాణ వాళ్ళకు ఈ మాట కొత్తగా ఉండొచ్చు కాబట్టి చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. చల్లటి కొస బయట ఉంటుంది. చూసేవాళ్ళకు నిప్పు కనపడదు, పెదాల మధ్య చుట్ట ముక్క ఒకటి కనపడుతుంది, అంతే. బూడిద నోట్లోనే రాలుతుంది. మా అమ్మ అలా చుట్ట పెట్టుకునే ఊడ్పులు ఊడ్చేది, కలుపు తీసేది, కోడళ్ళతో పోట్లాడేది. ఒక్కసారి కూడా నోరు కాల్చుకోలేదు. చిన్నప్పుడు నాకు అదేదో విద్యలా అనిపించేది.

ఎందుకలా తాగుతారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కటి చెబుతారు. గాలికీ తుంపరకీ చుట్ట ఆరిపోదంటారు. ఒళ్ళో ఉన్న గుంటడి మీద నిప్పు రాలదంటారు. ఎక్కువసేపు వస్తుందంటారు. పంటినొప్పికి మంచిదంటారు. మా అమ్మ మాత్రం, "మా అమ్మ తాగేది, నానూ తాగుతున్నాను" అనేది. నాకు తెలిసినంతలో అసలు కారణం అదే. ఉత్తరాంధ్ర పల్లెల్లో, సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇది ఎక్కువగా ఆడవాళ్ళ అలవాటు. మగవాళ్ళు ఎక్కువమంది మామూలుగానే తాగుతారు.

నిప్పు లోపల ఉంటే ఆ వేడి, ఆ పొగ నేరుగా వెళ్ళి తగిలేది అంగిలికి. అందుకే మా వైపు క్యాన్సర్ అక్కడ మొదలవుతుంది. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ అంటే ఎక్కువగా బుగ్గ లోపలో, చిగురు మీదో, నాలుక పక్కనో వస్తుంది. ఖైనీ, గుట్కా అదిమిపెట్టే చోటు అదే కాబట్టి. గట్టి అంగిలి (పై పళ్ళ వెనక ఎముకున్న భాగం) మీద రావడం వేరే చోట్ల అరుదు. మాకు అరుదు కాదు.

ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదు. 1960ల్లోనే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు మా జిల్లాకు వచ్చి ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూశారు. కోపెన్‌హాగన్ నుంచి పిండ్‌బోర్గ్ అనే పెద్ద ప్రొఫెసర్ కూడా వాళ్ళతో కలిసి పనిచేశారు. 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళ మీద రాసిన ఆ పరిశోధన 1971లో ఇంగ్లాండు పత్రికలో వచ్చింది. నోటి జబ్బుల గురించి చదువుకునే వాళ్ళకు ప్రపంచంలో ఏ మూల ఉన్నా శ్రీకాకుళం పేరు తెలుసట. మా జిల్లాకు పేరు రావడానికి ఇంకేదీ దొరకలేదు కాబోలు. ఆ టాటా సంస్థ వాళ్ళు అంతటితో వెళ్ళిపోలేదు. మా జిల్లాలోనూ, కేరళ, గుజరాత్‌లలో ఒక్కో జిల్లాలోనూ పొగాకు వాడే 36,000 మందిని ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ కలిసి, నోళ్ళు చూస్తూ, మానమని చెబుతూ వచ్చారు. మానినవాళ్ళు పెరిగారు, నోట్లో కొత్తగా మచ్చలు రావడం తగ్గింది. ఆ ఫలితాలు 1986లో వచ్చాయి. "మన ముసలమ్మలు చెబితే వింటారా?" అని మీటింగుల్లో ఎవరో ఒకరు అంటారు కదా, వాళ్ళ కోసం చెబుతున్నాను. విన్నారు. నలభై ఏళ్ళ కిందటే విన్నారు.

అమ్మ సంగతి చెబుతాను. 2016 వానాకాలంలో పైదవడ పన్ను ఒకటి కదులుతోందంది. ఊళ్ళో ఆర్‌.ఎం.పి. పట్టకారుతో లాగేశాడు. ఆ గాయం మానలేదు. నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. నొప్పి లేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. నోటి క్యాన్సర్‌కు మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, అదే దాని మోసం. నోటిపూత అనుకుని బి-కాంప్లెక్స్ బిళ్ళలు మింగించాం. ఆ బిళ్ళలు మా సబ్‌సెంటరు నుంచి తెచ్చిచ్చింది నేనే. వారం వారం ఇంటికి వెళ్ళేదాన్ని, అన్నం కలిపి పెట్టేదాన్ని, బీపీ చూసేదాన్ని. ఒక్కసారి కూడా తల వెనక్కి వాల్చమని అంగిలి చూడలేదు. రెండు వారాల్లో మానని పుండు ఏదైనా డాక్టరుకు చూపించాల్సిందే అని ఊరందరికీ చెప్పే మనిషిని నేను.

ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అంగిలి సగం పుండు. ముక్క తీసి టెస్టుకు పంపాలన్నారు. ఇంట్లో గొడవ. కత్తి పెడితే పాకిపోతుందని మా మేనమామ. నాకు అది అబద్ధమని తెలుసు, అయినా గట్టిగా మాట్లాడలేకపోయాను. అలా ఇంకో రెండు నెలలు పోయాయి. పాకింది కత్తి పెట్టినందుకు కాదు, పెట్టనందుకు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి పైదవడలో కొంత భాగం తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోయింది కదా, గంజి తాగితే ముక్కులోంచి వచ్చేది. దానికి అంగిలి ఆకారంలో ప్లేటు ఒకటి చేసి ఇచ్చారు. ప్లేటు పెట్టుకుంటే తినగలిగేది, మాట తెలిసేది. రాత్రిపూట తీసి గ్లాసులో వేసేది. ప్లేటు లేనప్పుడు నన్ను పిలిస్తే నా పేరు మొత్తం ముక్కులోంచే వచ్చేది, పక్క గదిలో ఉంటే నాకు అర్థమయ్యేది కాదు. ఆ తర్వాత ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు. 2018 సంక్రాంతి వెళ్ళిన పదోరోజున పోయింది.

అదే ఏడాది శ్రావణంలో మాకు ఈ క్యాన్సర్ పరీక్షల శిక్షణ. తెర మీద ఒక ఫొటో వేశారు. పాలిపోయిన అంగిలి, దాని మీద తెల్లటి బొడిపెలు, ఒక్కో బొడిపె మధ్యలో ఎర్రటి చుక్క. మాకు నేర్పుతున్న డాక్టరమ్మ, "ఇది చూశారా, ఇది ఇంకా క్యాన్సర్ కాదు, ఈ దశలో మానిపించి చూసుకుంటూ ఉంటే ఆగొచ్చు" అంది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అంత జరిగాక కూడా ఆ తర్వాతి నెలల్లో టార్గెట్ తరుముతుంటే చూడకుండా టిక్కులు పెట్టాను. అదీ నా తప్పు. కొన్నాళ్ళకు నాకే సిగ్గేసి మానేశాను.

సరిగ్గా చూడడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, ఫారంలోనే మా ఊరి జబ్బు లేదు. ఆశా కార్యకర్త నింపే ఫారంలో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ లాంటివి నములుతారా అని ఉంటుంది. దానికి మార్కులు వేస్తాం. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పిలుస్తాం. "అమ్మా, పొగ తాగుతావా?" అంటే మా ఊరి పెద్దావిడ ఏమంటుంది? "ఛీ, ఆడదాన్ని, నానేటి బీడీ తాగడమేటి?" అంటుంది. ఖైనీ నములుతావా అంటే లేదంటుంది. రెండూ నిజమే. ఫారంలో సున్నా పడుతుంది. "చుట్ట అడ్డంగా పెడతావా?" అని అడిగినప్పుడే ముసిముసిగా నవ్వి, కోడలు వింటోందేమోనని అటు చూసి, "రోజుకు నాలుగో అయిదో" అంటుంది. ఈ తరంలో కోడళ్ళకు తెలియకుండా తాగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే వసారాలో అందరి ముందు అడిగితే లాభం లేదు.

మీరు చేయగలిగిన మొదటి పని అదే. ఉత్తరాంధ్ర జిల్లాల ఫారంలో 'అడ్డపొగ' అన్న మాట పెట్టించండి. తెలుగు అక్షరాల్లో, అదే మాట. పైసా ఖర్చు లేదు.

ఇక చూడడం. దీనికి స్కానింగు అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. మనిషిని గుమ్మంలో వెలుతురు వైపు కూర్చోబెట్టాలి. నోరు పుక్కిలించమనాలి. కట్టుడు పళ్ళుంటే తీయించాలి. చాలామంది తీయరు, మేమూ అడగం, పై పళ్ళ సెట్టు సరిగ్గా అంగిలినే కప్పేస్తుంది. పెదాలు, బుగ్గల లోపల, చిగుళ్ళు, నాలుక రెండు పక్కలా, నాలుక కింద చూసి, చివర తల బాగా వెనక్కి వాల్చి టార్చి పైకి వేయాలి. మేం నాలుక చాపమని 'ఆ' అనిపించి ఆపేసేవాళ్ళం. తల వాల్చితే తప్ప అంగిలి సరిగ్గా కనపడదు. తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ (తెల్లదానికంటే ఎర్రది ఎక్కువ ప్రమాదం), గట్టిగా చేతికి తగిలే గడ్డ, మానని పుండు. ఏది కనపడినా పైకి పంపాలి. అంతా రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మా వాళ్ళ దగ్గర లేకుండా చేస్తున్నది రోజువారీ అంకె. అరవైమందికి టిక్కు పెట్టినామెను మెచ్చుకుని, ఇరవైమంది నోళ్ళు నిజంగా చూసినామెను ఎందుకు వెనకబడ్డావని అడిగినంతకాలం ఇంతే. అంకె తగ్గించమని మీరు ఒక్క మాట చెబితే కింద వరకూ వినపడుతుంది. టార్చి ఇచ్చేటప్పుడు బ్యాటరీలు కూడా ఇమ్మనండి. నవ్వకండి, మా దగ్గర ఇది నిజంగా సమస్యే.

కళ్ళతో చూస్తే ప్రాణాలు దక్కుతాయా అని మీ అధికారులు ఎవరైనా అడిగితే కేరళ చూపించండి. తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీల్లో 1996లో మొదలుపెట్టి, దాదాపు లక్షా తొంభై వేల మందితో చేసిన అధ్యయనం అది. ఏడు పంచాయతీల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి నోళ్ళు చూశారు, మిగతా చోట్ల మామూలుగా వదిలేశారు. చూసినవాళ్ళు డాక్టర్లు కాదు, మాలాంటి శిక్షణ పొందినవాళ్ళే. పొగాకు, మందు అలవాటున్న వాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. 2005లో ప్రచురించారు. మన దగ్గరేమో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా నోటి పరీక్ష జరిగినవాళ్ళు దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒకరు కూడా కాదు. ఆ తర్వాత మనం గడుల్లో చాలా టిక్కులు పెట్టాం. అందులో నిజంగా చూసినవి ఎన్నో నాలాంటి వాళ్ళనే అడగాలి.

గుట్కా సంగతి కూడా ఒక ముక్క. మా ఆటోల కుర్రాళ్ళకు ముప్పై ఏళ్ళకే మూడు వేళ్ళు నిలువుగా పట్టేటంత నోరు తెరుచుకోవడం లేదు. మిరపకాయ బజ్జీ తింటే నోరంతా మంట. అది గుట్కాలో ఉండే వక్కతో వచ్చే జబ్బు, పొగాకు లేని ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని శాస్త్రవేత్తలు తేల్చి ఇరవై ఏళ్ళు దాటింది. గుట్కా నిషేధం అంటున్నాం కానీ పాన్‌మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడివిడిగా అమ్ముతుంటే కుర్రాళ్ళు కలుపుకుని తింటున్నారు. ఇది మీకూ తెలిసిందే కాబట్టి ఇంకా రాయను.

సిగరెట్ పెట్టెల మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ, మానాలనుకునే వాళ్ళకు 1800-11-2356 అనే ఫోను నంబరు ఉన్నాయి. మంచిదే. మా ఆడవాళ్ళు సంతలో ఆకు కొని ఇంట్లోనే చుట్టుకుంటారు. ఆకు మీద ఏ బొమ్మా ఉండదు, ఏ నంబరూ ఉండదు. వాళ్ళకు చెప్పాలంటే మనిషే వెళ్ళి చెప్పాలి. నేను అంగిలి ఫొటో ఫోనులో తీసి వాళ్ళకే చూపించేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు ఎప్పుడూ చూసుకోని చోటు అది. ఒకామె ఆ ఫొటో చూసి, "ఓలమ్మో, ఇది నా నోరేనేటి?" అని సాయంత్రం వరకూ మాట్లాడలేదు. తర్వాత మానేసింది. ఏడాదికి మచ్చ బాగా తగ్గింది. చుట్ట లేక పొద్దున్నే విరేచనం సాఫీగా కావడం లేదని ఇప్పటికీ నన్ను తిడుతుంది. తిట్టనీ.

అందరి కథా అలా లేదు. నేను పైకి పంపమని కాగితం రాసిచ్చిన వాళ్ళలో ఎక్కువమంది వెళ్ళలేదు. తప్పు వాళ్ళది అనలేను. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వైపు నుంచైతే రెండొందలు దాటుతుంది. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, చికిత్స ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి, చదువు రాదు, నొప్పి లేదు, కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పని, కోడలికి ఉపాధి హామీ కూలి పోతుంది. ఏ కౌంటరు, ఏ గది, ఏ లైను? కాగితం మడిచి రేషన్ కార్డు సంచిలో పెట్టుకుంటుంది. ఆరు నెలల తర్వాత నేను వెళ్ళి అడిగితే, "భద్రంగా దాచాను తల్లీ" అని తీసి చూపిస్తుంది.

అందుకని రెండో కోరిక. మచ్చ దొరికిన మనిషి వెంట ఒక మనిషిని పంపించండి. ఆశానే పంపండి, వెళ్ళిన రోజుకు ఆమెకు కూలి, ఇద్దరికీ బస్సు ఛార్జీ ఇవ్వండి. లేదంటే నెలకోసారి దంత వైద్య కళాశాలల హౌస్ సర్జన్లను, ముక్క తీయగలిగిన ఒక డాక్టరుతో కలిపి మండలానికే తీసుకురండి. ముక్క విశాఖ వెళుతుంది, ముసలామె వెళ్ళక్కర్లేదు. క్యాన్సర్ అని తేలితే అప్పుడు వెళ్తారు, అప్పుడు కొడుకూ వస్తాడు. తొలిదశలో వెళ్ళినవాళ్ళు చిన్న ఆపరేషన్‌తో చాలావరకు బతికి బయటపడతారు. మా అమ్మలా వెళ్ళినవాళ్ళకు మాత్రం ప్లేటు, కరెంటు, ఆ తర్వాత మిగిలేది తక్కువ.

మా వీధి చివర ఒక అప్ప ఉంది. అరవై నాలుగేళ్ళు, చేపలు అమ్ముతుంది. పోయిన వారం మా అరుగు మీద కూర్చోబెట్టి నా పాత టార్చితో చూశాను. ముందుపళ్ళ వెనక, ఎడమవైపు, కందిగింజంత ఎర్రటి మచ్చ. వేలితో తాకితే కొంచెం గరుకుగా ఉంది. నొప్పి లేదంటోంది. సంత రోజు కాకుండా చూసుకుని మంగళవారం పొద్దున్న ఆరింటి బస్సుకు తీసుకెళ్తానని ఒప్పించాను. ఛార్జీలు నావి, టిఫిను తనది.

ఇట్లు,
విశ్రాంత ఏ.ఎన్.ఎం.,
శ్రీకాకుళం జిల్లా